పాత కారు డాష్‌బోర్డు, ఓడోమీటరు మరమ్మతు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఓడోమీటరు పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• డాష్‌బోర్డు లోపాలను ప్రాథమికంగా గుర్తించగలుగుతారు.
• మరమ్మతు తరవాత కిలోమీటర్ల లెక్కను ఎలా కాపాడాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

పాత కారు కొనేవారు ముందుగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని. కారు ధర, ఆయిల్, టైమింగ్ బెల్టు మార్చాల్సిన సమయం చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడతాయి. ఓడోమీటరు కారుకు లెక్కల పుస్తకం వంటిది. దాన్ని బాగుచేసేటప్పుడు లెక్క చెడకూడదు.

2. పనిచేసే తీరు

పాత తరం కార్లలో గేరుబాక్సు నుంచి ఒక కేబులు మీటరుకు వస్తుంది. అది తిరిగినప్పుడు చిన్న పళ్లచక్రాలు అంకెల చక్రాలను తిప్పుతాయి. ఒక అంకెల చక్రం పూర్తి చుట్టు తిరిగితే, దాని ఎడమపక్క చక్రం ఒక అంకె ముందుకు జరుగుతుంది. అయిదంకెల మీటరు 99,999 తరవాత మళ్లీ సున్నాలకు వస్తుంది. కాబట్టి అందులో 23,000 ఉంటే అసలు దూరం 1,23,000 కి.మీ. కూడా కావచ్చు.

ఇప్పటి కార్లలో సెన్సారు విద్యుత్ సంకేతాలు పంపుతుంది. కంప్యూటరు వాటిని లెక్కగట్టి దూరంగా మారుస్తుంది. ఆ మొత్తం మెమరీ చిప్‌లో ఉంటుంది కనుక బ్యాటరీ తీసినా చెరగదు.

3. లోపాలను గుర్తించడం

• స్పీడు ముల్లు, కిలోమీటర్లు రెండూ ఆగిపోతే కేబులు, సెన్సారు, వైరింగు చూడాలి.
• పాత మీటరులో ముల్లు కదులుతూ అంకెలు మాత్రమే ఆగితే పళ్లచక్రం విరిగి ఉండవచ్చు.
• డిజిటల్ అంకెలు వచ్చిపోతుంటే సర్క్యూట్ బోర్డు మీద టంకం పగిలి ఉండవచ్చు.
• డాష్‌బోర్డు మొత్తం ఆరిపోతే ముందు ఫ్యూజు, ఎర్తు వైరు చూడాలి.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే, లోపాన్ని దాచడానికి దాన్ని తీసేశారేమో అనుమానించండి. ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో డాష్‌బోర్డు విప్పే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఈ పని అనుభవజ్ఞుడైన మెకానిక్‌కే అప్పగించండి.

4. లెక్కను కాపాడటం

కేబులు, సెన్సారు మార్చినా, టంకం వేసినా ఉన్న అంకె మారదు. మీటరు బోర్డు మొత్తాన్ని మార్చినప్పుడే చిక్కు వస్తుంది. వేరే కారు నుంచి తీసిన బోర్డు ఆ కారు అంకెనే చూపవచ్చు. అందువల్ల విప్పే ముందే రీడింగును ఫొటో తీయండి. పాత రీడింగు, కొత్త రీడింగు, తేదీ, కారణం బిల్లులో రాయించండి. మీటరు కొన్నాళ్లు ఆగిపోయి ఉంటే ఆ సంగతీ రాయించండి. కారు అమ్మేటప్పుడు ఆ బిల్లును కొనేవారికి ఇవ్వండి.

అమెరికాలో 1972 నాటి చట్టం ప్రకారం, మరమ్మతు తరవాత పాత రీడింగే కొనసాగాలి. అది వీలుకాకపోతే మీటరును సున్నాకు తెచ్చి, పాత రీడింగు, మరమ్మతు తేదీ రాసిన కాగితాన్ని ఎడమ తలుపు చట్రానికి అతికించాలి.

మీటరును వెనక్కి తిప్పితే నష్టం ధరతో ఆగదు. ఉదాహరణకు, 1,40,000 కి.మీ. తిరిగిన కారు 60,000 చూపుతోందనుకుందాం. లక్ష కి.మీ. వద్ద మార్చాల్సిన టైమింగ్ బెల్టుకు ఇంకా 40,000 కి.మీ. గడువుందని కొన్నవారు భావిస్తారు. ప్రయాణంలో ఆ బెల్టు తెగితే కారు ఆగిపోతుంది. చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి దెబ్బతింటాయి.

5. కొనేముందు పరిశీలన

సర్వీసు బిల్లుల్లోని రీడింగులను తేదీల వరుసలో పెట్టి చూడండి. అంకె ఎక్కడైనా తగ్గితే కారణం అడగండి. టైరు పక్కన తయారీ వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిందన్న కారుకు పెడల్ రబ్బర్లు బాగా అరిగి ఉన్నా అనుమానించాల్సిందే.

వ్యాపారి మోసగిస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు మీ దగ్గరున్న బిల్లులే సాక్ష్యం.

సారాంశం

ఓడోమీటరు లోపాన్ని సరిచేయడం సాంకేతికమైన పని; అంకె మారితే ఆ మార్పును రాతలో ఉంచడం యజమాని బాధ్యత.

మాదిరి ప్రశ్నలు

1. యాంత్రిక, ఎలక్ట్రానిక్ ఓడోమీటర్ల మధ్య తేడాలు రాయండి.
2. మీటరు బోర్డు మార్చినప్పుడు యజమాని తీసుకోవాల్సిన జాగ్రత్తలను వివరించండి.