వెండితెర మాయ : దాని వెనుకనున్న విద్య, కొలువు



ఇంటర్మీడియట్ ముగించిన మనుమడో మనుమరాలో "హైదరాబాదు వెళ్ళి సినిమా గ్రాఫిక్సు నేర్చుకొందును, ఫీజునకు సొమ్ము కావలెను" అని యడుగు దినములు వచ్చినవి. సొమ్ము నిలువయున్న యింట నిది చిన్న మాట. ఎకరము పొలము తాకట్టు పెట్టవలసిన యింట నిది పెద్ద మాట. ఆ విద్య యెట్టిదో, అందు ప్రవేశించుటకు గావలసిన దేమో, ప్రవేశించినవారు మెట్టుపై మెట్టు నెట్లెక్కుదురో తెలియక ఔననుటయు తగదు, కాదనుటయు తగదు. కావున నా సంగతులను క్రమముగా మనవి చేయుదును.

సినిమాలో మాయ చూపుట మనకు క్రొత్త గాదు. 1957లో విడుదలయైన మాయాబజారును మీలో ననేకులు చూచియే యుందురు. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డులు తమంత దామే పోవుట, పాండవుల మాట యెట్లున్నను, ఛాయాగ్రాహకుడగు మార్కస్ బార్ట్లీ కెమేరాతో జూపిన నేర్పు. 1961 నాటి సీతారామకల్యాణమునకు రవికాంత్ నగాయిచ్ ఛాయాగ్రహణము చేసెను. ఆ కాలమున నీ విద్య యొకరిద్దరి చేతులలో నుండెడిది. గురువు నొద్ద నుండి చూచి నేర్చుకొనుట యొక్కటే మార్గము. 1995 నాటి అమ్మోరుతో కంప్యూటరు మాయ తెలుగు ప్రేక్షకులకు బాగుగ పరిచయమయ్యెను. 2009లో వచ్చిన మగధీరలోని పనికి ఆర్.సి. కమల్ కణ్ణన్ జాతీయ బహుమాన మందెను. 2012లో వచ్చిన ఈగకు గాను ఆ బహుమానము హైదరాబాదు నందలి మకుట యను సంస్థకు లభించెను. ఈగ నొక్కదానిని కథానాయకునిగ నిలిపిన ఘనత యొకరిది గాదు. వరుసగ కూర్చుండి పనిచేసిన యనేకులది.

అట్టివారు పనిచేయు తావులు హైదరాబాదు పడమటి వైపున, మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములందు పెక్కు గలవు. 1998లో నక్కడ సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట కంప్యూటరు కొలువులు పెరిగినవి. సినిమా స్టూడియోలు చేరువనే యున్నవి. దేశాంతరముల చిత్రములకు గావలసిన పనియు నిచ్చటికి వచ్చుచుండును. 2016లో తెలంగాణ ప్రభుత్వము యానిమేషను, విజువల్ ఎఫెక్ట్సు, గేమింగుల ప్రోత్సాహమునకై ఇమేజ్ అను పేర నొక విధానమును ప్రకటించెను.

ఇక పని యెట్టిదో చూతము. సెట్టుమీద నిజముగ వాన కురిపించుట, మంట పెట్టుట, ప్రేలుడు కలిగించుట యొక తెగ పని. దానిని స్పెషల్ ఎఫెక్ట్సందురు. షూటింగు ముగిసిన పిమ్మట కంప్యూటరుపై బొమ్మను మార్చుట మఱియొక తెగ. అది విజువల్ ఎఫెక్ట్సు. జనులు గ్రాఫిక్సనునది దీనినే.

సినిమా బొమ్మ సెకనునకు 24 నిలుకడ బొమ్మల చొప్పున కదలును. ఐదు సెకనుల దృశ్యమన్న 120 బొమ్మలు. కథానాయకుని వెనుకనున్న గోడను దీసివైచి కోట నుంచవలెనన్న, ఆ 120 బొమ్మలలోను అతని తల, వ్రేళ్ళు, ఎగురుచున్న యుత్తరీయము, వీని యంచులను గీచి వేఱుచేయవలెను. దీనికి రోటో యని పేరు. నటుని గాలిలో వ్రేలాడదీసిన తీగలను చెఱపుట పెయింటు. షూటింగున కెమేరా యే దిక్కునకు, ఎంత కదలినదో లెక్కగట్టుట మ్యాచ్‌మూవ్. క్రొత్తవారిలో ననేకులకు మొదట నిచ్చు పని యీ మూటిలో నొకటి. జీతము స్వల్పము, ఓపిక యధికము.

పై మెట్టు కంపోజిటింగ్. వేఱువేఱుగ దీసిన బొమ్మలను, వెలుగు నీడలు కలియునట్లు, ఒక్కటిగ జేయుట. నేతవారు పాత పడుగునకు క్రొత్తపడుగు నతికినపుడు బట్టలో నతుకు కనబడరాదు గదా; ఇదియు నట్టిదే. వేఱొక దారిలో జంతువుల, కోటల యాకృతులను మలచువారు, వానికి ఎముకలగూడు కల్పించువారు, నడక నేర్పువారు, వెలుగు నమర్చువారు నుందురు. నీరు, మంట, ధూళి, కూలుచున్న గోడ, వీనిని గణితముచే కల్పించువారు మఱియొక తెగ. గణితము, భౌతికశాస్త్రము చక్కగ వచ్చి, కంప్యూటరు భాష వ్రాయగలవారికి ఈ తెగలో చోటు గలదు.

ఏ దారి బట్టినను మెట్లు సుమారొకటే. జూనియర్ ఆర్టిస్టు, ఆర్టిస్టు, సీనియర్, ఆ పైని లీడ్. లీడ్ అనువాడు పని పంచి యిచ్చి, చేసిన పనిని సరిచూచును. అందఱకు పైన సూపర్‌వైజరుండును. అతడు షూటింగునకు ముందే దర్శకునితో గూర్చుండి, ఏది సెట్టుమీద తీయవలెనో, ఏది కంప్యూటరుపై చేయవలెనో, దాని కెంత వ్యయమగునో నిర్ణయించును. 2015 నాటి బాహుబలికిని, 2022లో విడుదలయైన ఆర్.ఆర్.ఆర్. చిత్రమునకును జాతీయ బహుమానములందిన వి. శ్రీనివాస్ మోహన్ చేసినది యీ కొలువే. ఆ మెట్టున కెక్కుటకు చేతి నేర్పు మాత్రము చాలదు. మనుష్యులను నడపు నేర్పును, లెక్కయు వలయును.

అర్హతల మాట కొత్తము. వైద్యునికిని న్యాయవాదికిని వలె నీ వృత్తికి చట్టము కోరిన పట్టా యేదియు లేదు. స్టూడియోవారు ముందుగ నడుగునది షోరీలు. అభ్యర్థి తాను చేసిన పనులలో మేలైనవానిని కూర్చిన ఒకటి రెండు నిమిషముల చిత్రమది. అందు సామాన్యమైనవి పదియుండుటకంటె చక్కనివి మూడుండుట మేలు. ఇతరుల పనిని తనదిగ జూపినవాని పేరు చెడిపోవును. కొలువులో జేరిన పిమ్మటను, చిత్రము విడుదలయై యనుమతి దొరకువఱకు, తాను చేసిన దృశ్యమును బయట జూపరాదు.

అట్లని పట్టా నిరర్థకము గాదు. దేశాంతరము పోదలచినవారికి వీసా విషయమున నది యుపకరించును. ఈ వృత్తి పొసగనిచో వేఱొక దారి చూపును. హైదరాబాదు మాసబ్‌ట్యాంకు నందు, 2008లో నేర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు లలితకళా విశ్వవిద్యాలయమున యానిమేషను విషయమున నాలుగేండ్ల బి.ఎఫ్.ఏ. చదువు కలదు. అందు ప్రవేశపరీక్షలో చిత్రలేఖనపు నేర్పును గూడ చూతురు. కావున గీత, రంగు, వెలుగు తెలిసిన పిల్లలకు మొదటినుండియు మేలు.

ఇక జాఱుడు తావులు. లాస్ ఏంజెలెసునందలి రిథమ్ అండ్ హ్యూస్ అను సంస్థకు హైదరాబాదునను శాఖ యుండెడిది. ఆ సంస్థ లైఫ్ ఆఫ్ పై చిత్రములో పులిని సృష్టించి 2013 ఫిబ్రవరిలో ఆస్కారు బహుమాన మందెను. ఆ నెలలోనే యా సంస్థ దివాలా ప్రకటించెను. ముందుగ నింతయని ధర యొప్పుకొని, పిమ్మట పని పెరిగినను ధర పెరుగకుండుట, ఒక చిత్రము వెనుకబడగనే జీతములకు సొమ్ము చాలకపోవుట, ఈ వ్యాపారమునకు సహజమైన కష్టములు. గడువు సమీపించినపుడు రాత్రులు మేల్కొని పనిచేయవలసి వచ్చును. కండ్లకును నడుమునకును శ్రమ. మఱియు నేడు కృత్రిమ మేధ యను యంత్రవిద్య, రోటోవంటి మొదటి మెట్టు పనిని త్వరలో ముగించుచున్నది. రోటో మాత్రము నేర్చి యాగినవారికి ముందు దినములు కఠినము. అంచు గీయుటతో నాగక, వెలుగు నెఱిగి యతుకగలవారికి నిలువ వీలు గలదు.

కావున సొమ్ము కట్టుటకు ముందు శిక్షణాలయము వారి నీ ప్రశ్న లడుగుడు. నిరుడు చదువు ముగించినవారి షోరీలు చూపగలరా? వారిపుడెక్కడ పనిచేయుచున్నారు? బోధించువారు స్టూడియోలలో పనిచేసినవారేనా? ఫీజు వాయిదాలలో దీసికొందురా? "ఉద్యోగము ఖాయము" అను మాటను కాగితముపై వ్రాసి యిత్తురా? చివరి ప్రశ్నకు వచ్చు జవాబు నుండియే మీకు పెక్కు తెలియును.

అంతకు ముందే చేయదగిన పరీక్ష యొకటి కలదు. బ్లెండర్ అను పనిముట్టు వెల లేకయే దొరకును. ఒక మోస్తరు కంప్యూటరుపై నడచును. మూడు మాసముల గడువిచ్చి, మీ వాకిట నడచుచున్న యావును ఐదు సెకనులు చిత్రము దీసి, దాని వెనుక వేఱొక యాకాశము నమర్చి తెమ్మనుడు. కొమ్ముల యంచునను, తోక వెండ్రుకల యొద్దను అతుకు కనబడునో లేదో మీ కండ్లే చెప్పును. అతుకు కనబడినను, దానిని సవరింప మరల మరల కూర్చుండు బిడ్డయైనచో సాయము చేయుడు. పదిదినములకే విసుగుచెందిన బిడ్డకై పొలమును తాకట్టు పెట్టకుడు.