దూరప్రయాణములలో భోజనము - దేహభారము

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరములో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మరల ఇల్లు చేరుసరికి 15 మాసములు దాటినవి. ఆయన హైదరాబాదు, నాగపూరుల మీదుగనే పోయిరి. పల్లకిలో కూర్చున్నది ఆయనయే యైనను, బోయీలును పరివారమును నడచుచునే యుండిరి. మజిలీ చేరి, పొయ్యి రాజేసి వండుకొనిన అన్నము మరునాటి నడకకు చెల్లిపోయెడిది. నేడు అదే నాగపూరు మీదుగా తెలంగాణా ఎక్స్‌ప్రెస్సు హైదరాబాదునుండి న్యూఢిల్లీకి, 1,600 కిలోమీటర్లకు పైబడిన దూరమును సుమారు 26 గంటలలో గడచుచున్నది. ఆ 26 గంటలలో మన నడక అంతయు మన బల్లకును పెట్టె చివరనున్న కుళాయికిని నడుమనే. భోజనము మాత్రము బోయీలకు సరిపడునంతగా సాగుచున్నది. ఈ తారతమ్యమునుగూర్చియే మేము నేడు ముచ్చటింపదలచితిమి.

మొదట లెక్క చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో మన నగరమునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణములనుబట్టి, కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునకు దినమునకు సుమారు 2,110 కిలోకేలరీలును, 55 కిలోల స్త్రీకి 1,660 కిలోకేలరీలును చాలును. కచేరికి పోవుట, మెట్లెక్కుట, ఇల్లు చక్కబెట్టుట మున్నగునవన్నియు ఇందులోనివే. రైలులో అవియు లేవు. కావున ప్రయాణదినమున అవసరము ఇంకను తగ్గునే కాని పెరుగదు.

ఇక ఖర్చునకు ఎదురుగా జమ ఎట్లున్నదో చూడుడు. పగలంతయు టీ కేక వినబడినపుడెల్ల ఒక కప్పు పుచ్చుకొనువారు రాత్రికి ఆరు కప్పులు సులభముగా త్రాగుదురు. కప్పునకు రెండు చెంచాల వంతున 60 గ్రాముల పంచదార, అనగా 240 కిలోకేలరీలు. పాల సంగతి మేము లెక్కింపనేలేదు. దినమునకు 2,000 కిలోకేలరీలు తిను మనిషికి, వస్తువులలో విడిగా చేర్చిన చక్కెర 50 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చెప్పినది. టీలతోనే ఆ హద్దు దాటితిమి. సమోసాలును, వడలును, మిరపకాయ బజ్జీలును ఇంకను రావలసియున్నవి. ఒక చిన్నచెంచా నూనెలో 45 కిలోకేలరీలున్నవి. పిండివంట ఎన్ని చెంచాలు పీల్చినదో చూచి చెప్పగలవా రెవరు?

ఇంతకును ఇది ఆకలి తినిపించుట కాదు. చేతికి పని లేదు, కంటికి కొత్త లేదు, గడియారము కదలదు. అంతలో పళ్లెరము పట్టుకొని ఒకడు వచ్చును. నాగపూరులో కమలాపండ్లు, కమలా బర్ఫీ, ఆగ్రాలో పేఠా. ఎదుటి బల్లవారు క్యారియరు విప్పి, "కొంచెము రుచి చూడండి" అందురు. వలదనిన తప్పుపట్టుకొందురేమోనని మనకు మొగమాటము. ఈ మొగమాటము నూనెకంటె తక్కువ హాని చేయునని మేము అనుకొనము. ఒక ముక్క తీసికొని, మన పండ్లలో ఒకటి వారికిచ్చిన మర్యాదయు దక్కును, కడుపును దక్కును. బర్ఫీని కొనవలదని మేము చెప్పుటలేదు. పొట్లము విప్పకుండ ఇంటికి చేర్చుడు, పదిమంది పంచుకొందురు.

ఇంటివద్ద తిను వేళలనే రైలులోను పాటించుట ఈ చిక్కునకు మంచి ఉపాయము. స్టేషను వచ్చినదని తినక, గంట అయినదని తినవలెను. అందుకు తగిన మూట కట్టుటలో మన గృహిణులకు తరతరాల నేర్పు కలదు. ఉదయమునకు ఇడ్లీలు, వానికి తోడు కారప్పొడియే కాని కొబ్బరిపచ్చడి కాదు, అది ఎండవేళకు నిలువదు. మధ్యాహ్నమునకు పులిహోర. చింతపండు పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొనునుగనుకనే అది ప్రయాణపు అన్నమైనది. దద్ధ్యోదనమునకు పాలుపోసి కలిపి, కొంచెము పెరుగు తోడు వేసిన, భోజనవేళకు కమ్మగా తోడుకొనియుండును. అయితే అన్నమును పొగలు గ్రక్కుచుండగా డబ్బాలో కుక్కి మూతపెట్టరాదు. ఉడికినను చావని సూక్ష్మజీవుల బీజములు కొన్ని అన్నములో ఉండును. గోరువెచ్చని తావు దొరికిన అవి మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. వెడల్పాటి పళ్లెములో ఆరబోసి, పిదప డబ్బాకెత్తవలెను. పులిహోరయైనను రాత్రికి మిగుల్చుకొనక ఆ పూటకే ముగించుట మేలు.

సాయంకాలమునకు వేయించిన శనగలు, జొన్న పేలాలు, ఒక జామపండు గాని అరటిపండు గాని చాలును. శనగలను నమలుటకు సమయము పట్టును. రైలులో మనకు కావలసినదియు అదియే కదా! రాత్రికి రైలులో వేడిగా ఇచ్చు భోజనము తినవచ్చును. అందులో అన్నమును చపాతీలును రెండును ఉన్నపుడు ఏదో ఒకటి చాలును. పప్పును కూరను పెరుగును పూర్తిగా తిని, ఊరగాయను తగ్గింపుడు.

నీటి విషయము కొంచెము గట్టిగనే చెప్పవలసియున్నది. రైలులోని మరుగుదొడ్లకు వెరచి మన స్త్రీలు అనేకులు ఉదయమునుండి గొంతు తడుపుకొనుటకు తప్ప నీరు త్రాగరు. ఇది నిగ్రహము కాదు, దేహమునకు శిక్ష. మూత్రసంబంధమైన బాధలకు దారి. వెంట నీటిసీసాయు, ఒక సబ్బుబిళ్లయు ఉంచుకొని, ఇంటిలోవలెనే త్రాగవలెను. లేచి నాలుగడుగులు వేయుటకు ఇది కారణమగుట మరియొక లాభము. రైలుగాని, బస్సుగాని, విమానముగాని, నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్నచో కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టు అవకాశము సుమారు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ జరిపించిన పరిశోధనలు 2007లో తెలిపినవి. ఆ అపాయము అరుదే; కాని గంట గంటకు ఒకసారి పెట్టె కొసవరకు పోయివచ్చుటకు డబ్బు ఖర్చులేదు.

అమెరికాలోని పిల్లల యొద్దకు పోవు తల్లిదండ్రులకు చిక్కు మరియొక తీరున వచ్చును. న్యూయార్కు గడియారము మనకంటె వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు వెనుక. పడమటికి పోవు కొలది దినము సాగును, భోజనములును సాగును. ఒకే దినమున రెండు రాత్రిభోజనములు చేసినవారు కలరు. నిద్రించుచున్నవారు లేచి తినవలెనను నియమము విమానములో లేదు. ఆ యెత్తున లోపలి గాలి 6,000 మొదలు 8,000 అడుగుల కొండమీది గాలివలె పలుచనగును. కడుపులోని వాయువు ఉబ్బును. కావున బుడగలు వచ్చు పానీయములును, అతిగా తినుటయు అక్కడ మరింత బాధించును.

మధుమేహముగలవారికి మేము పైన చెప్పిన పొదుపు అంతయు వర్తింపదు. మందు పుచ్చుకొని భోజనము మానుట ప్రమాదకరము. మందులును, గ్లూకోజు పొట్లమును చేతిసంచిలోనే ఉండవలెను. ఇన్సులిన్‌ను విమానపు సామానుగదికి పంపిన గడ్డకట్టి పాడగు భయము కలదు. సాగిపోవు దినమునకు మోతాదు ఎట్లు సర్దుకొనవలెనో బయలుదేరకమునుపే వైద్యుని అడుగుడు.

ఇల్లు చేరిన మరునాడే తూకపు యంత్రమెక్కి కిలో పెరిగితిమని దిగులుపడువారు కలరు. కిలో కొవ్వు చేరవలెనన్న సుమారు 7,700 కిలోకేలరీలు అదనముగా తినవలెను. ఒక ప్రయాణమున అది అసాధ్యమే. ఆ బరువు చాలవరకు ఉప్పు పట్టియుంచిన నీరు. మూడు నాలుగు దినములలో తగ్గును. అయితే నెలకొకసారి ఢిల్లీ పోయివచ్చు ఉద్యోగి, పోవునపుడొక 600, వచ్చునపుడొక 600 అదనముగా తినినచో ఏడాదికి 14,400. లెక్కప్రకారము రెండు కిలోలకు దగ్గర. అట్టివారు ప్రయాణపు మరునాడు కాక, ప్రతినెల ఒకే తేదీన, ఉదయము పరగడుపున తూచుకొని ఆ అంకెను వ్రాసియుంచుకొనుట మంచిది.