అల్యూమినియంలో ముఖం చూసుకుందామా?

కోటబొమ్మాళిలో ఒక మోటారు షెడ్డు ముందు మెకానిక్ కారు ఇంజను మూతను రుద్దుతున్నాడు. మసకబారిన అల్యూమినియం అద్దంలా మెరిసింది. "ఏ రంగు పూశాడు మాస్టారూ?" అన్నాడు నా వెంట ఉన్న విద్యార్థి. పూసింది రంగు కాదు, తీసింది గీతలు!

ఎలాగంటారా? గరుకు తలం మీద పడిన కాంతి చెల్లాచెదురవుతుంది. నునుపు తలం మీద క్రమంగా పరావర్తనం చెందుతుంది. అప్పుడే ప్రతిబింబం కనిపిస్తుంది. మనకు కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. తలం మీది ఎత్తుపల్లాలు అంతకన్నా బాగా చిన్నవి కావాలి. మన జిల్లా బుడితి ఇత్తడి పాత్రల మెరుపుకూ ఇదే సూత్రం.

ఆ నునుపు ఒక్కసారిగా రాదు. మొదట 400 నంబరు ఉప్పుకాగితం, తరువాత 800, 1500, 2000 వాడాలి. నంబరు పెరిగేకొద్దీ రేణువులు సన్నం. ప్రతిసారీ పాత గీతలకు అడ్డంగా రుద్ది, అవి పూర్తిగా పోయాకే తరువాతి కాగితం పట్టాలి. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే ఆ గీతలు చివరలో బయటపడతాయి! ఆఖరున పాలిష్ ముద్ద రాసి గుడ్డతో రుద్దుతారు.

చిత్రమేమిటంటే, ఆ ముద్దలో తరచుగా ఉండేది అల్యూమినియం ఆక్సైడే. కెంపు, నీలం రాళ్లు కూడా ఈ పదార్థమే, అంత గట్టిది! గాలి తగలగానే లోహం మీద ఏర్పడే పలుచని పొరా ఇదే. అది పారదర్శకం కనుక మెరుపును దాచదు, పైగా లోహాన్ని కాపాడుతుంది. చాకలిసోడా మాత్రం ఆ పొరను కరిగించేస్తుంది.

ఒక హెచ్చరిక: గాలిలో దట్టంగా లేచిన అల్యూమినియం ధూళికి నిప్పురవ్వ తగిలితే పేలవచ్చు. అందుకే కాగితాన్ని నీటిలో తడిపి రుద్దాలి. తిరిగే పాలిష్ చక్రం జోలికి మీరు పోవద్దు. ఇంట్లో పనికిరాని అల్యూమినియం మూతలో సగం మాత్రమే చేత్తో రుద్ది, మిగతా సగంతో పోల్చి చూడండి.