పదకొండో రోజు టికెట్టు

పెద్ద హీరో సినిమా వస్తోంది. ఉద్యోగమొచ్చిన ఫ్రెండు వాట్సాప్ గ్రూపులో ‘మొదటి రోజుకి టికెట్లు తీస్తున్నా, ఎంతమంది?’ అని అడిగాడు. మీకు డిగ్రీ అయి ఏడాది దాటింది. అమలాపురంలో అద్దె గది, చేతిలో గ్రూప్స్ మెటీరియల్, ఖర్చులకి ఇంకా నాన్న పంపే డబ్బులే. ‘చదువుకోవాలిరా’ అని మెసేజ్ పెట్టేశారు. అసలు కారణం అది కాదని మీకూ తెలుసు, వాడికీ తెలుసు.

సినిమా మానేయక్కర్లేదు. అప్పు చేసి చూడక్కర్లేదు. కాస్త ఆగితే చాలు.

అప్పట్లో ఆగడం మామూలే

ఇంట్లో మావయ్యనో, బాబాయినో అడిగి చూడండి. రీళ్ల కాలంలో ప్రింటు ఖరీదైన వస్తువు. అందుకే తక్కువ ప్రింట్లు తీసేవారు. అవి ముందు పెద్ద ఊళ్లలోని ‘ఏ’ సెంటర్లలో ఆడేవి. అక్కడ జనం తగ్గాక అవే పెట్టెలు ‘బీ’, ‘సీ’ సెంటర్లకి చేరేవి. రాజోలు, కొత్తపేట లాంటి చోట్ల, చుట్టుపక్కల పల్లెల్లో కొత్త సినిమా కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. వచ్చాక నేల టికెట్టుకో, బెంచీకో డబ్బులిచ్చి హాయిగా చూసేవారు. ఆలస్యంగా చూశామని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

2005 తర్వాత డిజిటల్ ప్రొజెక్షన్ వ్యాపించడంతో పట్నంలోనూ పల్లెలోనూ ఒకేరోజు బొమ్మ పడుతోంది. సెకండ్ రన్ దాదాపు కనుమరుగైంది. మొదటి వారమే చూసెయ్యాలన్న తొందర పెరిగింది.

ఇప్పుడు లెక్క ఇదీ

2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం టికెట్టు ధర కనిష్ఠంగా రూ.20, గరిష్ఠంగా రూ.250 ఉండేలా జీవో ఇచ్చింది. ఊరి స్థాయి, ఏసీ ఉందా లేదా, సీటు తరగతిని బట్టి రేటు మారుతుంది. భారీ బడ్జెట్ సినిమాలకి మొదట్లో కొన్నాళ్లు అదనంగా పెంచుకోనిస్తారు. అదే నెలలో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’కి 10 రోజుల పాటు టికెట్టుపై రూ.75 పెంపునకు అనుమతిచ్చారు. పదకొండో రోజు వెళ్లినవాళ్లకి అదే సినిమా, అదే తెర, పాత రేటు. ఆ తర్వాతి సినిమాలకి ఎంత పెంపు, ఎన్నాళ్లు అన్నది జీవోని బట్టి మారుతోంది. కాబట్టి విడుదలకి ముందు ఆ వార్త ఓసారి చూసుకోండి.

పన్నులోనూ తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.100 లోపు టికెట్టుపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతం. కరెంట్ అఫైర్స్‌లో అడిగినా అడగొచ్చు, గుర్తుపెట్టుకోండి!

హాలుకీ మీరు కావాలి

మొదటి మూడు రోజులు కిటకిటలాడిన హాల్లో రెండో వారం మ్యాట్నీకి సగం కుర్చీలు ఖాళీ. ఇలా నడవలేకే ఎన్నో సింగిల్ స్క్రీన్లు కల్యాణ మండపాలుగా, గోడౌన్లుగా మారిపోయాయి. అద్దె పద్ధతి గిట్టుబాటు కావట్లేదని, వసూళ్లలో శాతం కావాలని ఎగ్జిబిటర్లు 2025 మేలో పట్టుబట్టారు. జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని కూడా అన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. ఆలస్యంగా వచ్చే మీలాంటి ప్రేక్షకుడు ఆ హాలుకి బరువేం కాదు, ఆసరా.

ఒక్క జాగ్రత్త. చాలా సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీలోకి వచ్చేస్తున్నాయి. మరీ ఆగితే హాల్లో బొమ్మ ఉండదు. మాక్ టెస్టు రాసిన రోజు సాయంత్రానికో, సిలబస్‌లో ఓ యూనిట్ ముగించిన రోజుకో సినిమా పెట్టుకోండి. చదువు ఎగ్గొట్టామన్న బెంగ ఉండదు.

ఈసారి గ్రూపులో మెసేజ్ వస్తే సాకులు వెతక్కండి. ‘ఇప్పుడు డబ్బుల్లేవురా. రేటు తగ్గాక వెళ్దాం, నా టికెట్టు నేనే తీసుకుంటా’ అనండి. మీలాగే ‘చదువుకోవాలి’ అని పెట్టినవాళ్లు ఇంకో ఇద్దరైనా ‘నేనూ వస్తా’ అంటారు.