ఒక ఇంటిపేరు – కొందరు ప్రసిద్ధులు

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. చాలా ఇంటిపేర్లు పూర్వులు నివసించిన ఊళ్ళను తెలుపుతాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు కర్ణాటకలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. అయినా వారి ఇంటిపేరు ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామాన్ని గుర్తుచేస్తుంది.

బ్రిటన్ ఉత్తరభాగంలో ఉన్న స్కాట్లాండులో ఇంటిపేరు చివర వస్తుంది. అక్కడి గేలిక్ భాషలో ‘మెక్’ అంటే కుమారుడు. మెకంజీ అంటే కెన్నెత్ కుమారుడని అర్థం. ఒక తండ్రి పేరునుండి పుట్టిన ఈ మాట క్రమంగా పెద్ద వంశానికి పేరయింది. ఆ వంశనామం గలవారు అనేక దేశాలకు వలసవెళ్ళారు.

కెనడా దేశానికి రెండవ ప్రధానమంత్రి అలెగ్జాండర్ మెకంజీ. రాళ్ళు చెక్కే పనితో జీవితం ప్రారంభించి, 1873 నుండి 1878 వరకు ఆ పదవిలో ఉన్నాడు. టొరాంటో నగరానికి 1834లో మొదటి మేయరైన విలియం లయన్ మెకంజీ మరొకడు. ప్రధానమంత్రి పేరే గల ఇంకొక అలెగ్జాండర్ మెకంజీ గొప్ప యాత్రికుడు. 1789లో ఆయన ఒక మహానది వెంట ప్రయాణించి ఆర్కిటిక్ సముద్రాన్ని చేరాడు. ఆ నదిని నేడు మెకంజీ నది అంటారు. కాని అక్కడి ఆదివాసులు అంతకుముందే దానిని ‘దేచో’, అనగా పెద్ద నది, అని పిలిచేవారు. ఆయనకు దారి చూపినవారు కూడా ఆదివాసులే.

ఈ యాత్రికుడు పుట్టిన స్టార్నోవే పట్టణంలోనే 1754లో కాలిన్ మెకంజీ జన్మించాడు. 1783లో మనదేశానికి వచ్చి సైన్యంలో ఇంజనీరుగా పనిచేశాడు. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత మైసూరు ప్రాంతాన్ని సర్వే చేశాడు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన సేకరణలో 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు ఉన్నాయి. గ్రామ చరిత్రలను తెలిపే కైఫీయత్తులు కూడా అందులోనివే.

అయితే మెకంజీకి మన భాషలు రావు. మరి ఇంతటి పని ఎలా సాధ్యమయింది? ఏలూరుకు చెందిన బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే సోదరులు ఆయనకు తోడ్పడ్డారు. వారి ఇంటిపేరు కావలి. బొర్రయ్య ఊరూరా తిరిగి పెద్దలను అడిగి వివరాలు సేకరించాడు, పాత శాసనాలను చదివాడు. 1803లో చిన్న వయసులోనే మరణించాడు. భారతీయ విజ్ఞానానికి తనకు వాకిలి తెరిచినవాడు బొర్రయ్యేనని మెకంజీ 1817లో ఒక లేఖలో చెప్పుకున్నాడు. లక్ష్మయ్య అన్నగారి పనిని కొనసాగించాడు. 1821లో మెకంజీ మరణించాక ఆ సేకరణను తాను ముందుకు నడుపుతానని కోరాడు. కాని అనుమతి లభించలేదు. రామస్వామి దక్కను కవుల చరిత్రను ఆంగ్లంలో వ్రాసి 1829లో ప్రకటించాడు.

నేటికీ ఆ గ్రామ చరిత్రలను మెకంజీ కైఫీయత్తులనే అంటారు. ఆ పేరు తప్పు కాదు. కాని దాని వెనుక కావలివారి శ్రమ ఉందని మనం మరువరాదు. ఒక గొప్ప పని ఒకరి పేరుతో నిలిచినప్పుడు, అందులో పాలుపంచుకున్న ఇతరులెవరో తెలుసుకోవడం చదువుకున్నవారి ధర్మం.

ప్రశ్నలు

1. ‘మెకంజీ’ అనే ఇంటిపేరు ఎలా ఏర్పడింది?
2. కావలి సోదరులు చేసిన సేవను వివరించండి.
3. మీ ఇంటిపేరు ఎలా వచ్చిందో పెద్దలను అడిగి ఐదు వాక్యాలలో వ్రాయండి.