ప్రథమ సత్ప్రసాదమునకు బాలుడెంత నేర్వవలయును?

మన మేత్రాసన పాఠశాలలలో ప్రథమ సత్ప్రసాద దినము సమీపించినకొలది జ్ఞానోపదేశపు తరగతులందు సందడి హెచ్చుచుండును. ఇంట తెల్లని దుస్తులు కుట్టించుచుందురు. బడిలో పిల్లలు ప్రశ్నోత్తరములు వల్లించుచుందురు. ఆ దినములలోనే కొన్ని యిండ్లలో ఒక భయము ప్రవేశించును. “మావాడు నాలుగు ప్రశ్నలకు తడబడినాడు, ఈ యేడు వానిని నిలిపివేయుదురు కాబోలు” నని తల్లి విచారపడును. తోడివారందరు బలిపీఠము చెంతకు నడచుచుండ, తానొక్కడు బల్లమీద మిగిలిపోయిన బాలుని దుఃఖము స్వల్పమైనది కాదు. కావున శ్రీసభ ఆ బాలునివద్ద నిజముగ కోరునదేమో తెలిసికొనుట మనకు అవసరము.

క్రీ. శ. 1215వ సంవత్సరమున జరిగిన నాలుగవ లాతెరాను మహాసభ, వివేకము కలుగు వయస్సునకు వచ్చిన ప్రతి విశ్వాసియు సంవత్సరమున కొకమారైనను పాపసంకీర్తనము చేయవలయుననియు, పాస్కా కాలమున సత్ప్రసాదము స్వీకరింపవలయుననియు విధించెను. అయితే ఆ వయస్సెప్పుడు వచ్చునను విషయమున కాలక్రమమున భేదాభిప్రాయములు పుట్టెను. పాపసంకీర్తనమున కొక వయస్సును, సత్ప్రసాదమునకు అంతకంటె హెచ్చు వయస్సును కొందరు నిర్ణయించిరి. అందుచే అనేక స్థలములలో పిల్లలు పది, పండ్రెండు, పదునాలుగేండ్లవరకు వేచియుండవలసి వచ్చెను. సంస్కారముపట్ల గౌరవముతో కల్పించిన యీ యాలస్యమే, బాల్యమందలి నిర్మల హృదయముతో క్రీస్తునాథుని చేరు భాగ్యమును పిల్లలకు లేకుండ చేసెను.

పదియవ భక్తినాథ పాపుగారు ఈ లోపమును సవరించిరి. వారి యనుమతితో 1910వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన వెలువడిన శాసనము, రెండు సంస్కారములకును ఒకటే వయస్సనియు, అది ఇంచుమించుగ ఏడవ యేడనియు నిర్ణయించెను. జ్ఞానోపదేశమంతయు సంపూర్ణముగ నెరిగియుండుట ప్రథమ సత్ప్రసాదమునకు అవసరము కాదని స్పష్టపరచెను. కోరినవి మూడు మాత్రమే: రక్షణమునకు అత్యవసరములైన పరమరహస్యములను బాలుడు తన శక్తికొలది గ్రహింపవలెను, సత్ప్రసాదమునకును సామాన్యమైన రొట్టెకును గల భేదమును ఎరుగవలెను, తన యీడునకు తగిన భక్తి కలిగియుండవలెను.

దీనినొక దృష్టాంతముచే విశదపరతుము. ఒక బాలుడు నూరు ప్రశ్నలకు తడుముకొనక జవాబు చెప్పును. కాని దివ్యమందసము నెదుట తోడివానితో పరిహాసములాడుచుండును. వేరొకడు “సంస్కారమనగా నేమి?” యను ప్రశ్నకు మధ్యలో ఆగిపోవును, కాని గురువుగారు పూజలో పైకెత్తి చూపినదేమని యడిగినచో, “అది రొట్టె కాదండి, యేసుస్వామి” యని చేతులు జోడించును. శాసనపు కొలతతో చూచినచో రెండవవాడు సిద్ధముగ నున్నాడు. మొదటివానికే యింక నేర్పవలసియున్నది.

అట్లని వల్లించుట వ్యర్థమని తలపరాదు. చదువురాని తలిదండ్రులు గల పల్లెలలో ఉపదేశులు నోటిమాటగ నేర్పిన ప్రశ్నోత్తరములే విశ్వాసమును నిలిపినవి. బాల్యమున కంఠస్థమైన మాట, పెద్దయైన పిమ్మట కష్టకాలమున జ్ఞాపకమునకు వచ్చి యాదరించును. ఆ శాసనమే, ప్రథమ సత్ప్రసాదము పొందిన పిల్లలు తరువాత క్రమక్రమముగ ఉపదేశమంతయు నేర్వవలయునని విధించుచున్నది. మన లోపమిచ్చటనే కనబడుచున్నది. తెల్లని దుస్తులను పెట్టెలో దాచిననాడే జ్ఞానోపదేశ పుస్తకమును గూడ మూసివేయుచున్నాము. అసలైన చదువు ఆ దినముననే ఆరంభమగుచున్నదని మరచుచున్నాము.

ఈ పని యెవరిది? 1983వ సంవత్సరమున వెలువడిన శ్రీసభ ధర్మశాస్త్రము, పిల్లలను సిద్ధపరచు బాధ్యతను ముందుగ తలిదండ్రులకును, వారి స్థానమున నున్నవారికిని, వారితోపాటు విచారణ గురువునకును అప్పగించినది. బడిలోని యుపాధ్యాయుడు వారికి సహాయుడు. ఇంటిలో సాయంకాల ప్రార్థన లేనిచో, వారమునకు రెండు గంటల పాఠము ఆ కొరతను తీర్చజాలదు. వసతిగృహమునందున్న బాలునికి వార్డెనుగారే తండ్రి స్థానమున నుందురు. కావున అచ్చటి ప్రార్థనయు ఆ పాఠములోని భాగమే.

పై తరగతుల విద్యార్థులారా! మీ యింట ఏడేండ్ల తమ్ముడో చెల్లెలో యున్నచో, ప్రార్థన ముగిసిన పిమ్మట పది నిమిషములు ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వల్లించిన జవాబునకు అర్థమును వారి సొంతమాటలలో చెప్పించుడు. తడబడిన యెడల నవ్వకుడు. ఆ చిన్న సహాయమువలన ఒక్క బిడ్డయైనను బల్లమీద మిగిలిపోక తోడివారితో బలిపీఠము చేరగలిగినచో, మీరు నేర్చిన జ్ఞానోపదేశము ఫలించినట్లే.