చెయ్యి బాగానే ఉంది, దారి తెగింది

ఈ సెమిస్టర్ మొదలైనప్పటినుంచి క్యాంటీన్‌లో, ల్యాబ్‌లో, కాలేజ్ బస్సులో నన్ను అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "కట్టు లేదు, కుట్లు లేవు, వేళ్లు కూడా కదుల్తున్నాయి. మరి చెయ్యి పైకెందుకు లేవట్లేదు?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేయమని మన ఎడిటర్ అన్నాడు. వచ్చే నెల నాకు నరాల సర్జరీ. ఆ లోపే రాసేస్తున్నా.

జరిగింది చిన్న విషయం. నాలుగు నెలల కిందట మా ఊళ్లో బండి వెనకాల కూర్చుని వెళ్తుంటే గేదె అడ్డం వచ్చింది. బండి జారింది, నేను కుడి భుజం మీద పడ్డాను. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు. కాలర్ బోన్ విరిగింది, అది అతుక్కుంది కూడా. చెయ్యి మాత్రం అప్పటినుంచి వేలాడుతూనే ఉంది.

నరం అంటే ఏ నరం?

మా ఇంట్లో కన్ఫ్యూజన్ భాష దగ్గరే మొదలైంది. డాక్టర్ "నరం తెగింది" అనగానే మా అమ్మమ్మ, "నరం తెగితే రక్తం ధార కట్టాలి కదరా, చుక్క కూడా రాలేదే" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. తెలుగులో నరం అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. సెలైన్ పెట్టేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటే అది రక్తం పోయే సిర. "మెడ నరం పట్టేసింది" అంటే చాలాసార్లు అది కండరం. "నరాల డాక్టర్‌కి చూపించు" అంటే మాత్రం అది నర్వ్. స్కూలు పుస్తకాల్లో దీన్ని నాడి అంటారు, కానీ ఇంట్లో నాడి చూడ్డం అంటే పల్స్ చూడ్డం. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు నర్వ్, వెయిన్, టెండన్ మూడూ వేరువేరు మాటలు. అమ్మమ్మకి మూడూ నరాలే. ఇక్కడ నేను నరం అన్న చోటల్లా అర్థం ఒకటే: మెదడు ఆర్డర్‌ని కండరానికి, చర్మం కబురుని మెదడుకి మోసేది.

మెడ దగ్గర వెన్నుపాములోంచి ఒక్కో చేతికీ ఐదు నరాల వేర్లు బయటికొస్తాయి. వాటి పేర్లు సి5, సి6, సి7, సి8, టి1. ఇవి నేరుగా చేతిలోకి పోవు. ఐదూ కలిసి మూడు కాండాలవుతాయి, ఆరుగా చీలతాయి, మళ్లీ మూడు తాళ్లుగా కలుస్తాయి, చివరికి ఐదు పెద్ద కొమ్మలై కిందికి దిగుతాయి. మెడకీ చంకకీ మధ్య అల్లిన జడ లాంటిదన్నమాట. దీని పేరు బ్రేకియల్ ప్లెక్సస్. స్థూలంగా చెప్పాలంటే భుజం ఎత్తడం, మోచెయ్యి వంచడం పై రెండు వేర్ల పని. మోచెయ్యి చాపడంలో పెద్ద భాగం సి7ది. వేళ్ల పని కింది రెండిటిది.

బండి మీదనుంచి పడ్డప్పుడు భుజం రోడ్డుకి తగిలి ఆగిపోతుంది, తల మాత్రం ఇంకోవైపు వెళ్తూనే ఉంటుంది. ఆ క్షణంలో మెడకీ భుజానికీ మధ్య ఉన్నదంతా సాగుతుంది. ఎక్కువగా పై వేర్లే ముందు దెబ్బతింటాయి. పెద్దవాళ్లలో ఈ దెబ్బకి ముఖ్య కారణం టూవీలర్ యాక్సిడెంట్లే. హెల్మెట్ తలని కాపాడుతుంది కానీ ఈ సాగుడుని ఆపలేదు.

నాకు పోయినవి సి5, సి6. అందుకే పెన్ను పట్టుకోగలను. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి టేబుల్ మీద పెట్టుకుంటే టైప్ కూడా చెయ్యగలను. బొటనవేలికి స్పర్శ లేదు, టీ గ్లాసు కాలుతున్నా తెలియదు. అన్నం కలపగలను, ముద్ద చెయ్యగలను. ఆ ముద్ద నోటిదాకా రాదు.

సాగిందా, తెగిందా, ఊడిందా?

1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ నరాల దెబ్బల్ని మూడు రకాలుగా విడగొట్టాడు. ఇప్పటికీ డాక్టర్లు అవే పేర్లు వాడతారు. మొదటిది, నరం తెగలేదు, దెబ్బకి సిగ్నల్ ఆగింది. ఇది కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో దానంతటదే వస్తుంది. రెండోది, లోపలి పోగులు తెగాయి, పైన గొట్టం లాంటి తొడుగు మిగిలింది. పోగులు ఆ తొడుగు వెంట మళ్లీ పెరగగలవు. మూడోది, నరం మొత్తం తెగింది. కుట్టాలి, లేదా మధ్యలో ఇంకో నరం ముక్క వేసి కలపాలి.

మెడ దగ్గర వీటికి తోడు ఇంకోటుంది. వేరు వెన్నుపాములోంచే ఊడిపోవడం. మొక్కని మట్టితో సహా లాగేసినట్టు. రెండు కొసల్ని కలిపి కుట్టడానికి అక్కడ వెన్నుపాము వైపు కొసే మిగలదు. నా ఎం.ఆర్.ఐ.లో సి6 దగ్గర చిన్న నీటి సంచి లాంటిది కనిపించింది. అది వేరు ఊడిందనడానికి గుర్తు. సి5 సంగతి తేలలేదు.

అందుకే డాక్టర్ మూడు నెలలు ఆగుదామన్నారు. "ఆపరేషన్ అవసరమైతే అప్పుడే చెయ్యొచ్చుగా, ఎందుకు టైమ్ వేస్ట్?" అని మా బాబాయ్ గట్టిగానే అడిగాడు. కారణం ఏంటంటే, మొదటి రకం దెబ్బకీ మూడో రకం దెబ్బకీ మొదట్లో బయటికి తేడా తెలియదు. రెండిట్లోనూ చెయ్యి వేలాడుతుంది. దానంతటదే రాబోయే నరాన్ని తెరిచి కెలికితే ఉన్నదీ పోవచ్చు. టెస్టులు కూడా వెంటనే చేస్తే ఉపయోగం లేదు. వాలర్ అనే ఇంగ్లీష్ శాస్త్రవేత్త కప్ప నాలుక నరాల్ని కోసి, తెగిన చోటికి అవతలి భాగం మెల్లగా శిథిలమైపోతుందని 1850లో చూపించాడు. ఆ అవతలి భాగం తెగిన తర్వాత కూడా కొన్ని రోజులు కరెంటుకి స్పందిస్తుంది. కండరంలో మార్పులు కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే ఈ.ఎం.జి. అనే సూది టెస్టు మూడు నాలుగు వారాల తర్వాతే చేస్తారు. నాకు అప్పుడోసారి, మూడో నెలలో ఇంకోసారి చేశారు. రెండుసార్లూ మోచెయ్యి వంచే బైసెప్స్ దగ్గర ఏ కదలికా లేదు.

ఇక ఆగకూడదు

ఆ రిపోర్టు వచ్చాక బాబాయ్ మాట మార్చాడు. "ఇన్నాళ్లు ఆగాం కదా, ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్నాడు. ఇంకొందరు పుత్తూరు కట్టు కట్టించమన్నారు. కట్టు ఎముకకి. విరిగిన కొసల్ని కదలకుండా పెడితే ఎముక ఉన్నచోటే అతుక్కుంటుంది. నరం తెగినచోట అతుక్కుంటే సరిపోదు. లోపలి పోగు అక్కడనుంచి కండరందాకా మళ్లీ కొత్తగా పెరగాలి. ఆ వేగం సుమారుగా రోజుకి ఒక మిల్లీమీటర్, అంటే నెలకి మూడు సెంటీమీటర్లు.

ఈలోపు అవతల కండరం ఖాళీగా కూర్చోదు, సన్నబడుతూ పోతుంది. నరం దాన్ని తాకే చోటు కూడా పాడవుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటితే, తర్వాత నరం వచ్చి తలుపు కొట్టినా కండరం పలకడం కష్టం.

లెక్క చూడండి. మెడ నుంచి బైసెప్స్‌కి దగ్గర దగ్గర 25 సెంటీమీటర్లు అనుకుందాం. మెడ దగ్గర రిపేర్ చేస్తే పోగు అక్కడికి రావడానికి 250 రోజులు. పెరగడం మొదలవ్వడానికి ముందు ఇంకో నెల. అంటే తొమ్మిది నెలల పైనే. ఇప్పుడు ఐదో నెలలో సర్జరీ అయితే పద్నాలుగో నెలకి చేరుతుంది, ఫర్వాలేదు. బాబాయ్ అన్నట్టు ఇంకో ఆరు నెలలు ఆగితే ఇరవయ్యో నెల. అప్పటికి అందుకునేవాడు ఉండడు. మొదటి మూడు నెలలు ఆగడం ఎంత వైద్యమో, ఇప్పుడు ఆగకపోవడం కూడా అంతే వైద్యం. ఈ లెక్క నోట్‌బుక్‌లో వేసి చూపించాకే మా నాన్న సర్జరీకి సరే అన్నారు.

అప్పు తెచ్చిన నరాలు

నా విషయంలో మెడ దగ్గర రిపేర్ కుదరదు, ఎందుకంటే వేరే ఊడిపోయింది. కాబట్టి నరం బదిలీ చేస్తారు. పనిచేస్తున్న నరంలోంచి కొన్ని పోగులు తీసి, పనిచేయని కండరానికి దగ్గరగా కలుపుతారు. మూడు బదిలీలు చేస్తామన్నారు.

ఒకటి, మోచేతి కోసం. చిటికెన వేలి వైపు దిగే అల్నార్ నరం నాకు బాగానే ఉంది. దాంట్లోంచి ఒకట్రెండు పాయలు తీసి బైసెప్స్ నరానికి కలుపుతారు. 1994లో ఫ్రాన్స్‌కి చెందిన ఒబెర్లిన్ దీని గురించి రాశాడు, అందుకే ఒబెర్లిన్ బదిలీ అంటారు. వేళ్ల పట్టు పోదా అని నేనూ భయపడ్డా. ఆపరేషన్‌లోనే ఒక్కో పాయకీ చిన్న కరెంటు ఇచ్చి, ఏది వేళ్లని కదుపుతోందో ఏది మణికట్టుని వంచుతోందో చూసి, మణికట్టు పాయే తీసుకుంటారట. ఆ పనికి వేరే కండరం కూడా ఉంది కాబట్టి పెద్దగా లోటు తెలియదు. పైగా కలిపే చోటు కండరానికి కొన్ని సెంటీమీటర్ల దూరమే. 250 రోజుల ప్రయాణం కొన్ని నెలలకి తగ్గిపోతుంది.

రెండు, భుజం కోసం. భుజాలు ఎగరేసే కండరానికి వెళ్లే నరంలో ఒక భాగాన్ని, చెయ్యి ఎత్తడం మొదలుపెట్టే కండరం నరానికి కలుపుతారు. మూడు, మోచెయ్యి చాపే ట్రైసెప్స్‌కి మూడు తలలు ఉంటాయి. అందులో ఒక తల నరాన్ని తీసి భుజం మీది డెల్టాయిడ్‌కి ఇస్తారు. కుట్లన్నీ మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో.

అన్నిటికన్నా ముందు చూసేది మోచెయ్యి వంగడమే. ఉన్న కొద్ది నరాల్ని దేనికి ఖర్చు పెట్టాలి అన్నప్పుడు ప్రపంచంలో ఎక్కడైనా సర్జన్లు మొదట ఎంచుకునేది దాన్నే. చెయ్యి నోటిదాకా రావాలి. "పూర్తిగా మామూలైపోతుందా?" అని నాన్న అడిగితే డాక్టర్ అవునని అనలేదు. "ముద్ద నోటికి అందేలా చూద్దాం, బరువులు తర్వాత సంగతి" అన్నారు. కండరం బలానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులుంటాయి. ఇప్పుడు నా బైసెప్స్‌కి సున్నా. చేతి బరువుని అదే పైకి ఎత్తగలిగితే మూడు. కొంచెం అడ్డుపెట్టినా వంచగలిగితే నాలుగు. ఐదు రాకపోవచ్చని తెలిసే సంతకం పెట్టాను.

సర్జరీ అయ్యాక

మూడు నాలుగు వారాలు చెయ్యి స్లింగ్‌లో కదలకుండా ఉంటుంది. తర్వాత చాలా రోజులు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. బైసెప్స్‌లో మొదటి చిన్న అదురు కొన్ని నెలలకి వస్తుంది. అదీ వింతగా. నేను మోచెయ్యి వంచాలనుకుంటే వంగదు, మణికట్టు వంచి పిడికిలి బిగించాలనుకుంటే మోచెయ్యి వంగుతుంది. ఎందుకంటే మెదడు లెక్కలో అది ఇంకా పాత నరమే. కీబోర్డ్‌లో కీ మ్యాపింగ్ మార్చితే మొదట్లో వేళ్లు తడబడతాయి కదా, అలాంటిదే. రోజూ ప్రాక్టీస్ చేస్తే కొన్నాళ్లకి మెదడు రెండిటినీ విడిగా నేర్చుకుంటుంది. అందుకే సర్జరీలో సగం ఫిజియోథెరపీయే అంటారు. ఇప్పుడు కూడా మా రూమ్మేట్ రోజూ రాత్రి నా భుజం, మోచెయ్యి మెల్లగా తిప్పుతాడు. నరం వచ్చేసరికి కీలు బిగుసుకుపోతే వచ్చినా లాభం లేదు.

నొప్పి గురించి కూడా చెప్పాలి. స్పర్శ లేని బొటనవేలే రాత్రిళ్లు నిప్పు మీద పెట్టినట్టు మండుతుంది, మధ్యమధ్యలో షాక్ కొడుతుంది. వేరు ఊడినప్పుడు వచ్చే నొప్పి ఇలాగే ఉంటుందట. మామూలు నొప్పి మాత్రలు దీనికి సరిగ్గా పనిచేయవు. ప్రీగాబాలిన్ లాంటి నరాల మందులే ఇస్తారు. వాటితో మగత వస్తుంది. మొదటి పీరియడ్‌లో నేను తూగుతుంటే కారణం అదే.

మీ ఇంట్లోనో ఊళ్లోనో ఎవరైనా బండి మీదనుంచి పడి, ఎముక బాగున్నా, లేదా అతుక్కున్నా, చెయ్యి లేవకపోతే "మెల్లగా అదే వస్తుంది" అని ఏడాది కూర్చోనివ్వకండి. మొదటి నెలలోనే నరాల సర్జరీ చేసే డాక్టర్‌కి చూపించి రెండు విషయాలు అడగండి: ఏ వేరు దెబ్బతింది, ఎన్నో నెల దాకా ఆగొచ్చు. పడిన తేదీ కాగితం మీద రాసి పెట్టుకోండి. లెక్కంతా ఆ తేదీ నుంచే.

నా విషయానికొస్తే ఫలితం తేలడానికి రెండేళ్లు పట్టొచ్చు. అంటే ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ సబ్మిట్ చేసే టైమ్. కాబట్టి ప్రతి వారం "కదిలిందా?" అని అడగకండి, కదిలిన రోజు నేనే గ్రూప్‌లో పెడతా. ఇప్పటికైతే అవసరం వేరే ఉంది. మిడ్ ఎగ్జామ్స్ సరిగ్గా స్లింగ్‌లో ఉన్న వారాల్లోనే పడ్డాయి. స్క్రైబ్‌గా రాయగల ఫస్ట్ ఇయర్ జూనియర్ ఎవరైనా ఉంటే చెప్పండి. రైటింగ్ అర్థమైతే చాలు.